సైకిల్‌తో గాల్లోకి ఎగరాలంటే: డర్ట్ జంపింగ్ మొదలుపెట్టేవాళ్ళకి

ఈ రోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక విషయం ఒప్పుకోవాలి.

పోయిన నెల నేను ఒక రీల్ పెట్టాను, 18 సెకన్లది. మా మావయ్య జీడితోట పక్కన మేం కట్టుకున్న మట్టి దిబ్బ మీంచి ఎగిరి, గాల్లో హ్యాండిల్‌ని పక్కకి తిప్పి, మళ్ళీ సరిచేసి, చక్కగా దిగిపోయాను. చాలామంది "సూపర్ బ్రో" అన్నారు. ఆ 18 సెకన్ల కోసం ఆ రోజు నేను 11 సార్లు ఎగిరాను. అందులో నాలుగు సార్లు పడ్డాను. పడినవన్నీ కత్తిరించేసి, బాగా వచ్చింది ఒక్కటే పెట్టాను.

ఆ రీల్ చూసి మా బాబాయి గారబ్బాయి, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు, వాళ్ళ వీధిలో కడుతున్న ఇంటి ముందు ఇసక గుట్టకి ప్లైవుడ్ చెక్క ఆనించి ఎగిరాడు. మొదటిసారి బాగానే దిగాడట. రెండోసారి ముందు ఫోర్క్ వంగిపోయి మొహం మీద పడ్డాడు. ముందు పళ్ళు రెండు విరిగాయి, గడ్డం కింద ఐదు కుట్లు. సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. తిట్టలేదు. "నువ్వు పడినవి కూడా చూపించి ఉంటే వాడు ఆగేవాడేమోరా" అంది. అంతే.

అప్పట్నుంచి ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. డర్ట్ జంపింగ్ ఆపెయ్యమని నేను చెప్పను, ఎందుకంటే నేనూ ఆపలేదు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో, దేని తర్వాత ఏది చేయాలో ఎవరో ఒకరు తెలుగులో చెప్పాలి కదా. నాకు తెలిసింది నేను చెప్తాను. చివరిదాకా వినండి, మధ్యలో స్కిప్ చేసి "జంప్ ఎలా" అన్న చోటుకి వెళ్ళిపోకండి. మా తమ్ముడు చేసింది అదే.

ముందు, అసలు ఇదేంటి?

మట్టితో రెండు దిబ్బలు కడతారు. ఒకటి ఎగరడానికి, రెండోది దిగడానికి. మొదటిదాని మీంచి గాల్లోకి లేచి, రెండోదాని వాలు మీద దిగడం, అదే డర్ట్ జంపింగ్. గాల్లో ఉన్నప్పుడు ట్రిక్కులు కలిపితే ఫ్రీస్టైల్. ఈ ఆలోచన అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో 1970 ప్రాంతంలో పిల్లల దగ్గర మొదలైంది. మోటోక్రాస్ బైకులు చూసి, అలాంటివి కొనలేక, తమ చిన్న సైకిళ్ళతోనే ఖాళీ స్థలాల్లో మట్టి మీద ఎగిరేవారు. 1971లో వచ్చిన 'ఆన్ ఎనీ సండే' అనే మోటార్‌సైకిల్ డాక్యుమెంటరీ మొదట్లోనే ఆ పిల్లలు కనిపిస్తారు. దాంట్లోంచి బీఎంఎక్స్ వచ్చింది. తర్వాత మౌంటెన్ బైక్ వాళ్ళు అదే మట్టి మీదికి వచ్చారు. ఇప్పుడు కెనడాలోని విస్లర్‌లో జరిగే క్రాంక్‌వర్క్స్‌లో స్లోప్‌స్టైల్ పోటీ చూస్తే, సైకిల్ ఇలా కూడా తిరుగుతుందా అనిపిస్తుంది.

గమనించండి, దీన్ని మొదలుపెట్టింది డబ్బున్నవాళ్ళు కాదు. ఖాళీ స్థలం, పార, ఓపిక ఉన్న పిల్లలు. అందుకే ఇది మనకి అందని ఆట కాదని నేను నమ్ముతాను. అయితే సైకిల్ విషయంలో మాత్రం మోసపోకూడదు. అక్కడికే వస్తున్నా.

సైకిల్ సంగతి

మన ఊళ్ళో షాపులో "ఎంటీబీ" అని రాసి, లావు టైర్లు, ముందు షాకర్లు, రంగురంగుల స్టిక్కర్లు ఉన్న సైకిళ్ళు ఉంటాయి. చూడ్డానికి మౌంటెన్ బైకే. కానీ అది రోడ్డు గతుకులకి చేసిన సైకిల్, ఎగరడానికి చేసింది కాదు. ఫ్రేమ్ మీదో ఫోర్క్ మీదో చిన్న అక్షరాల్లో స్టంట్లకి, జంపులకి వాడకూడదని రాసి ఉంటే చూడండి. మనం ఎవరం చదవం. తమ్ముడికి అలా జరిగాక నేను వాడి సైకిల్ చూశాను. దాని మీద అది రాసే ఉంది, పైన వాడు డ్రాగన్ స్టిక్కర్ అంటించుకున్నాడు.

కొన్ని మంచి కంపెనీల సైకిళ్ళకి ఏఎస్‌టీఎం అనే ప్రమాణం ప్రకారం ఒక కేటగిరీ నంబరు ఉంటుంది. మాన్యువల్‌లో గానీ ఫ్రేమ్ మీద గానీ చూడండి. 1 అంటే తారు రోడ్డు. 2 అంటే కంకర దారి, 15 సెంటీమీటర్ల లోపు చిన్న ఎగురుళ్ళు. 3 అంటే సుమారు 60 సెంటీమీటర్ల వరకు. 4 అంటే 120 సెంటీమీటర్ల వరకు. 5 అంటే పెద్ద జంపులు, డర్ట్ జంప్, ఫ్రీరైడ్ ఇవన్నీ. ఏ నంబరూ లేకపోతే, ఎగరడానికి పనికిరాదని అనుకోవడమే క్షేమం.

ఎందుకంత భయం అంటారా? చిన్న లెక్క. ఒక మీటరు ఎత్తు నుంచి చదును నేల మీద పడితే, తాకేసరికి కిందికి వేగం గంటకి 16 కిలోమీటర్లు ఉంటుంది. మీ బరువు 60 కేజీలు అనుకుంటే, ఆ బరువంతా ఆ వేగంతో రెండు చక్రాల మీద పడి, ఒక్క క్షణంలో ఆగాలి. చవక సైకిల్‌లో ముందు ఫోర్క్ వంగుతుంది, లేదా వెనక చక్రం ఇరుసు వంగుతుంది. స్క్రూలా బిగించే పాత రకం ఫ్రీవీల్ ఉన్న హబ్‌లో బేరింగ్ లోపలికి ఉంటుంది, ఇరుసు కొస ఆధారం లేకుండా బయటికి ఉంటుంది. అందుకే అది అక్కడే వంగుతుంది. నా మొదటి సైకిల్‌కి మూడు ఇరుసులు మార్చాను. నాలుగోసారి సైకిల్ షాపు తాతగారే "బాబూ, ఇది నీకు సరిపడే సైకిల్ కాదురా" అన్నారు.

అసలైన డర్ట్ జంప్ బైక్ ఎలా ఉంటుంది? చక్రాలు ఎక్కువగా 26 అంగుళాలు. వెనక సస్పెన్షన్ ఉండదు. ముందు ఫోర్క్ సుమారు 100 మిల్లీమీటర్లు, గట్టిగా ఉంటుంది. ఫ్రేమ్ పొట్టిగా, సీటు బాగా కిందికి. కూర్చుని తొక్కడానికి కాదది, ఎగిరినప్పుడు కాళ్ళకి అడ్డం రాకుండా ఉండటానికి. గేర్లు ఉండవు, ఒకటే స్పీడు. చాలామందికి బ్రేకు కూడా వెనకే ఉంటుంది. హ్యాండిల్ గుండ్రంగా తిప్పే ట్రిక్కులకి ముందు బ్రేక్ కేబుల్ అడ్డం అని తీసేస్తారు. టైర్లలో గాలి గట్టిగా కొడతారు. స్టీల్‌లో క్రోమోలీ అనే రకం ఫ్రేములు, అల్యూమినియం ఫ్రేములు రెండూ వస్తాయి. మారిన్ అల్కాట్రాజ్, కమెన్సాల్ అబ్సొల్యూట్, ఎన్‌ఎస్ బైక్స్ వాళ్ళవి, ఇలాంటివి ఈ పనికే చేసినవి.

ఇవి మన వీధి చివర షాపులో దొరకవు. ఖరీదు కూడా ఎక్కువే. నేను రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి దాచుకుని, సెకండ్ హ్యాండ్‌లో 45 వేలకి కొన్నాను. అంత పెట్టలేని వాళ్ళకి నా సలహా, మంచి క్రోమోలీ ఫ్రేమ్ ఉన్న 20 అంగుళాల బీఎంఎక్స్, సెకండ్ హ్యాండ్‌లో చూడండి. చిన్నగా ఉందని సిగ్గుపడొద్దు, జంపులు నేర్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఇవి చూడండి. హ్యాండిల్ కింద, ఫ్రేమ్ గొట్టాలు కలిసే చోట వెల్డింగ్ దగ్గర పెయింట్ మీద సన్నని గీత ఉందా? ఉంటే అది గీత కాకపోవచ్చు, పగులు కావచ్చు. వదిలెయ్యండి. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టక్‌టక్ మంటే హెడ్‌సెట్ వదులు. చక్రం తిప్పితే పక్కకి ఊగుతుంటే రిమ్ వంకర. పెడల్ క్రాంక్ పట్టుకుని పక్కలకి ఊపితే కదులుతుంటే బేరింగ్ పోయింది. ఇవన్నీ చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

సైకిల్ లేకపోయినా ఈ లోపు చేయగలిగిన పని చాలా ఉంది. తర్వాత చెప్పబోయే నేల మీద ప్రాక్టీస్ మీ దగ్గరున్న సైకిల్‌తోనే చేయొచ్చు, చక్రాలు నేలకి అంటుకుని ఉన్నంతవరకు.

ఒంటి మీద ఏముండాలి

హెల్మెట్ లేకుండా ఒక్క జంప్ కూడా వద్దు. అలంకారానికి అమ్మే థర్మోకోల్ టోపీలు కాదు. లోపల స్టిక్కర్ మీద ఈఎన్ 1078 అనో సీపీఎస్‌సీ అనో ఉందా చూడండి, అవి సైకిల్ హెల్మెట్ల ప్రమాణాలు. మొహం కూడా కప్పే ఫుల్ ఫేస్ అయితే ఇంకా మంచిది. మా తమ్ముడి పళ్ళు గుర్తు పెట్టుకోండి. గట్టిగా ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్‌ని మళ్ళీ వాడకూడదు, పైకి బాగానే కనిపించినా లోపల ఫోమ్ నలిగిపోయి ఉంటుంది.

మోకాళ్ళకి ప్యాడ్లు, చేతులకి గ్లోవ్స్, కాళ్ళకి చదునైన రబ్బరు అడుగున్న బూట్లు. చెప్పులేసుకుని తొక్కేవాళ్ళని నేను మా దిబ్బ దగ్గరికే రానివ్వను.

ఎగరకముందు నేర్చుకోవలసినవి

ఇది చాలామందికి బోర్. కానీ అసలు ఆట ఇదే.

ఒకటి, నిలబడటం. రెండు పెడళ్ళూ నేలకి సమానంగా, మోకాళ్ళు, మోచేతులు కొంచెం వంచి, సీటు మీంచి లేచి, బరువు చేతుల మీద కాదు, కాళ్ళ మీద. చూపు ముందు చక్రం మీద కాకుండా దూరంగా. ఇలా తొక్కకుండా పోనివ్వండి. ఇది ఒంటికి అలవాటు అవ్వాలి.

రెండు, పంపింగ్. అంటే పెడల్ తొక్కకుండా, ఒంటిని పైకీ కిందికీ చేసి వేగం తెచ్చుకోవడం. ఎత్తు ఎక్కేటప్పుడు ఒళ్ళు తేలిక చేసి సైకిల్‌ని పైకి రానివ్వాలి, దిగేటప్పుడు కాళ్ళతో చేతులతో కిందికి నొక్కాలి. ఉయ్యాల ఊగేటప్పుడు ఎక్కడ నొక్కితే ఎక్కువ ఊగుతుందో మీకు తెలుసు కదా, అదే ఇది. దీనికోసం మట్టితో చిన్న గుట్టలు వరసగా కట్టుకోవచ్చు. ఎత్తు ఒక అడుగు అయితే, ఒక గుట్ట శిఖరం నుంచి ఇంకో శిఖరానికి సుమారు 10 అడుగులు. ఆరు గుట్టలు చాలు. పెడల్ వెయ్యకుండా ఆరూ దాటి, వేగం తగ్గకుండా చివరికి వస్తే మీకు పంపింగ్ వచ్చినట్టే.

మూడు, బన్నీ హాప్. చదును నేల మీద సైకిల్‌ని కాళ్ళతో చేతులతో పైకి లేపడం. ముందు కిందికి వంగి నొక్కాలి. తర్వాత నడుముని వెనక్కి తీసుకుని, చేతులు చాపి, ముందు చక్రం లేవనివ్వాలి. చేతులతో లాగడం కాదు, నడుము వెనక్కి పోవడం వల్ల లేవాలి. అప్పుడు నిటారుగా లేచి నిలబడి నడుముని హ్యాండిల్ వైపు తేవాలి. చివర్లో హ్యాండిల్‌ని ముందుకి తోస్తూ, కాలి మునివేళ్ళు కిందికి వంచి పెడళ్ళని వెనక్కి గీరినట్టు చేస్తే వెనక చక్రం లేస్తుంది. ముందు నేల మీద ఒక గీత గీసుకోండి. తర్వాత ఖాళీ అట్టపెట్టె. ఇటుక మాత్రం వద్దు, తగిలితే పడేస్తుంది.

నాకు ఈ మూడింటికి రెండు నెలలు పట్టింది. రోజూ సాయంత్రం అరగంట. ఈ మూడూ రాకుండా జంప్ మీదికి వెళ్ళడం, ఈత రాకుండా బావి గట్టు మీంచి దూకడం లాంటిది.

దిబ్బ ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి

మొదటి మాట, ఎవరి స్థలమో వాళ్ళని అడిగి కట్టండి. మేం మొదట్లో అడక్కుండా ఒక ఖాళీ స్థలంలో కట్టాం. వారం తర్వాత జేసీబీ వచ్చి అంతా చదును చేసేసింది. ఓనర్ గారు తిట్టారు, తప్పు మాదే. ఆ తర్వాత మావయ్యని అడిగితే తోట పక్కన పడావు పడి ఉన్న స్థలం ఇచ్చాడు, "కొట్టుకు చావకండి" అన్న షరతు మీద.

విశాఖ వైపు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసి చాలామందికి నోరూరుతుంది. అక్కడ తవ్వడం, సైకిళ్ళు ఎక్కించడం వద్దు. అవి వేల ఏళ్ళుగా ఏర్పడిన దిబ్బలు, కాపాడాల్సిన భూవారసత్వ స్థలం. ఒక్క వానకే కోసుకుపోయే మట్టి అది. ఫోటోలు తీసుకుని వచ్చేయండి.

మట్టి ఎలాంటిది? కొంచెం బంక ఉన్న ఎర్రమట్టి బాగా కుదురుతుంది. పిడికిట్లో పట్టుకుని నొక్కితే ముద్దలా నిలబడాలి, ముద్దని విరిస్తే రెండు ముక్కలవ్వాలి, పొడి పొడిగా రాలిపోకూడదు. ఉత్త ఇసక పనికిరాదు. నల్లరేగడి కూడా కష్టం. తడిస్తే ఉబ్బి బంకలా అంటుకుంటుంది, ఎండితే నోళ్ళు తెరుస్తుంది.

ఒకేసారి మట్టి పోసేసి పైపైన కొట్టకండి. ఒక అర అడుగు మందం పొయ్యాలి, నీళ్ళు చల్లాలి, దిమ్మిసతో కొట్టాలి, మళ్ళీ అర అడుగు. లోపల పాత ఇటుకలు, చెట్టు కొమ్మలు వెయ్యొద్దు. కొమ్మలు కుళ్ళి లోపల గుల్ల అవుతుంది, ఇటుకలు ఎప్పుడో ఒకరోజు బయటికి వస్తాయి. చుట్టూ నీళ్ళు నిలవకుండా చిన్న కాలువ తియ్యండి. వానాకాలంలో టార్పాలిన్ కప్పాలి. మాకు అక్టోబర్, నవంబర్‌లో తుపాను వచ్చిందంటే సగం దిబ్బ పోతుంది. తడిగా ఉన్నప్పుడు తొక్కితే గాళ్ళు పడి, ఎండాక అవే పట్టాల్లా చక్రాన్ని లాగేస్తాయి. కాబట్టి తడి ఆరేదాకా ఆగాలి.

ఈ ఆట ఆడేవాళ్ళలో ప్రపంచమంతా ఒక మాట ఉంది: తవ్వనివాడు తొక్కకూడదు. మా దగ్గర కూడా అంతే. శనివారం పార పట్టినవాడికే ఆదివారం జంప్.

మొదటి జంప్

మొదటిది ఎప్పుడూ టేబుల్‌టాపే ఉండాలి. అంటే ఎక్కే వాలు, దిగే వాలు, మధ్యలో గుంట లేకుండా చదునుగా నింపేసిన దిబ్బ. సరిపడా దూరం ఎగరలేకపోయినా పైన చదునులోనే దిగుతారు. మధ్యలో ఖాళీ ఉండే జంప్ అయితే దిగే దిబ్బ మొహానికి చక్రం కొట్టుకుంటుంది. అది తర్వాతి సంగతి.

మా పిల్లలకి మేం కట్టింది ఇలా ఉంది: ఎత్తు రెండడుగులు, పైన చదును ఆరడుగులు, దిగే వాలు పదడుగులు. దిగే వాలు వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే మొదట్లో ఎవరూ తిన్నగా దిగరు. ఎక్కే వాలు కింది నుంచి పైకి మెల్లగా వంపు తిరగాలి. ప్లైవుడ్ చెక్క ఆనిస్తే ఆ వంపు ఉండదు. కింద మూల దగ్గర ముందు చక్రం ఒక్కసారి గుద్దుకుంటుంది, చివర్లో వెనక చక్రాన్ని ఎగరేసి తన్నుతుంది. సైకిల్ ముక్కు కిందికి పోతుంది. మా వాడికి ఫోర్క్ వంగడానికి ముందు జరిగింది ఇదే.

మొదటి రోజు ఎగరొద్దు. దిబ్బ మీదికి మెల్లగా ఎక్కి, మెల్లగా దిగండి. పదిసార్లు. తర్వాత కొంచెం వేగంగా, చక్రాలు ఇంకా నేల మీదే. మీకు తెలియకుండానే ఒకసారి చక్రాలు ఒక జానెడు లేస్తాయి. అదే మీ మొదటి జంప్.

తర్వాత వరస ఇది. దూరం నుంచే వేగం చూసుకుని, ఎక్కే వాలుకి ముందే పెడల్ ఆపెయ్యాలి. పెడళ్ళు సమానం. వంపులోకి వెళ్ళగానే మోకాళ్ళు వంచి నొక్కాలి. చివరికి వచ్చేసరికి కాళ్ళు చాపి లేవాలి, బన్నీ హాప్‌లో నేర్చుకున్నట్టే. గాల్లో కాళ్ళూ చేతులూ మళ్ళీ కొంచెం ముడవాలి, సైకిల్ మీ దగ్గరికి వస్తుంది. చూపు దిగే వాలు మీద. దిగేటప్పుడు ముందు చక్రాన్ని వాలుకి సమానంగా కిందికి తొయ్యాలి. రెండు చక్రాలూ దాదాపు ఒకేసారి, ముందుది ఒక రవ్వ ముందుగా. తాకగానే మోకాళ్ళు, మోచేతులు మెత్తగా వంగాలి.

వేగం గురించి ఒక లెక్క గుర్తుంచుకోండి. 30 డిగ్రీల వాలు మీంచి గంటకి 16 కిలోమీటర్ల వేగంతో వదిలితే సుమారు ఆరడుగులు పోతారు. 20 కిలోమీటర్ల వేగమైతే తొమ్మిదడుగులు. అంటే వేగం పది శాతం పెరిగితే దూరం దాదాపు ఇరవై శాతం పెరుగుతుంది. కొంచెం ఎక్కువ తొక్కానంతే అనుకుంటాం, కానీ దిగే వాలు దాటి చదును నేల మీద పడతాం. అందుకే ఒక్కో ప్రయత్నానికి ఒక్క పెడల్ మాత్రమే ఎక్కువ వెయ్యండి. మొదలుపెట్టే చోట నేల మీద సున్నంతో గీత గీసుకుంటే రోజూ అదే వేగం వస్తుంది.

అందరూ చేసే తప్పులు మూడు. చేతులతో హ్యాండిల్ లాగడం, అప్పుడు సైకిల్ వెనక్కి తిరగబడుతుంది. భయంతో బిగుసుకుపోయి కర్రలా ఎగరడం, అప్పుడు సైకిల్ గాల్లో పక్కకి కొట్టుకుపోతుంది. మూడోది, చివరి క్షణంలో బ్రేకు పట్టడం, దీని వల్ల ముక్కు కిందికి పోతుంది. అనుమానం వస్తే దిబ్బ ఎక్కకముందే ఆగిపోండి. ఎక్కడం మొదలుపెట్టాక ఆగడం ఉండదు.

పడటం గురించి

పడతారు. నేను ఇప్పటికీ పడతాను. పడేటప్పుడు చెయ్యి చాపి నేలకి ఆనించాలని ఒంటికి సహజంగా అనిపిస్తుంది. నాకు జరిగింది అదే. కుడి మణికట్టు నొప్పి పుట్టింది, వాపు పెద్దగా లేదు. బెణికిందనుకున్నాను. ఇంట్లో చెప్తే సైకిల్ తాళం వేసేస్తారని భయం. జండూబామ్ రాసుకుని మూడు వారాలు తిరిగాను. చివరికి నీళ్ళ బకెట్ ఎత్తలేక అమ్మ దగ్గర దొరికిపోయాను. బొటనవేలి మొదట్లో, చెయ్యి చాపితే గుంటలా పడే చోట నొక్కితే ప్రాణం పోయేది. అక్కడ స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. దానికి రక్తం తక్కువగా అందుతుంది కాబట్టి మెల్లగా అతుక్కుంటుంది. మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. ఆలస్యం చేస్తే అతుక్కోకుండా ఉండిపోవచ్చు. నేను దాచిన మూడు వారాలకి మూడు నెలల కట్టు కట్టించుకున్నాను. ఆ సెమిస్టర్ ల్యాబ్ పరీక్షలు ఎడమ చేత్తో చేశాను.

కాబట్టి ఆ గుంటలో నొప్పి ఉంటే అదే రోజు డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో తిడితే తిట్టనివ్వండి.

తలకి దెబ్బ తగిలితే, తల తిరుగుతున్నా, వాంతి వచ్చినా, ఏం జరిగిందో గుర్తు లేకపోయినా, ఆ రోజు ఆట అయిపోయింది. "బానే ఉన్నా బ్రో" అంటే వినొద్దు, సైకిల్ లాక్కోండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మెడ, వెన్ను నొప్పి అంటే కదపొద్దు, లేపి కూర్చోబెట్టి నీళ్ళు పట్టించొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. అందుకే ఒంటరిగా ఎప్పుడూ ఎగరకండి. పక్కన ఒకరుండాలి, వాళ్ళ ఫోన్‌లో ఛార్జింగ్ ఉండాలి, అది వీడియో తియ్యడానికి మాత్రమే కాదు.

ట్రిక్కులు ఎప్పుడు?

టేబుల్‌టాప్ మీద పదికి పది సార్లు ఒకేలా దిగుతున్నప్పుడు. ముందు హ్యాండిల్ కొంచెం పక్కకి తిప్పి సరిచెయ్యడం. తర్వాత ఒక కాలు తియ్యడం, ఒక చెయ్యి తియ్యడం. హ్యాండిల్ గుండ్రంగా తిప్పడం, సైకిల్‌నే ఒంటి కింద తిప్పడం, బ్యాక్‌ఫ్లిప్, ఇవన్నీ పెద్దవాళ్ళు కూడా ముందు ఫోమ్ ముక్కల గుంటలోకో, గాలి పరుపు మీదికో ఎగిరి నేర్చుకుంటారు. రీల్స్‌లో ఆ గుంట కనిపించదు, నా రీల్‌లో నా పడటం కనిపించనట్టే. అలాంటి వసతి లేని చోట బ్యాక్‌ఫ్లిప్ ప్రయత్నించొద్దు. నేనూ చెయ్యలేదు, చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

టోక్యో ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ ఫ్రీస్టైల్ మొదటిసారి పెట్టారు, 2021లో. బ్రిటన్ అమ్మాయి షార్లెట్ వర్తింగ్టన్ మొదటి రన్‌లో 360 బ్యాక్‌ఫ్లిప్ చేస్తూ పడిపోయింది. రెండో రన్‌లో మళ్ళీ అదే చేసి, సరిగ్గా దిగి, 97.50 మార్కులతో బంగారు పతకం కొట్టింది. ఇది అబ్బాయిల ఆట అనేవాళ్ళకి ఆ రన్ చూపించండి. రెండో వైపు కూడా చెప్పాలి. పాల్ బసగోయ్టియా అని అమెరికా రైడర్, చాలా పెద్ద పేరు. 2015లో యూటాలో జరిగిన రెడ్‌బుల్ ర్యాంపేజ్‌లో పడి వెన్నెముక విరిగి కాళ్ళు చచ్చుబడ్డాయి. తర్వాత ఆయన కోలుకోవడానికి పడ్డ కష్టం మీద 'ఎనీ వన్ ఆఫ్ అస్' అని 2019లో డాక్యుమెంటరీ వచ్చింది. ఆ రీల్ ఎంత చూశారో, ఇది కూడా అంత చూడండి. అప్పుడు నిర్ణయించుకోండి.

చివరిగా, మా తమ్ముడి సంగతి. పళ్ళు కట్టించారు. బాబాయి సైకిల్ పాత ఇనుముకి ఇచ్చేశాడు. పోయిన ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళి, పిన్నికి, బాబాయికి సారీ చెప్పి, కత్తిరించిన వీడియోలు ఫోన్‌లో వాళ్ళ ముందే వాడికి చూపించాను. నాలుగు సార్లు పడింది, ఒకసారి ఏడుస్తూ కూర్చున్నది కూడా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నయ్యా, మరి నాకు నేర్పిస్తావా?" అన్నాడు. నేను పిన్ని వైపు చూశాను. పిన్ని వెంటనే అవుననలేదు. "ముందు వాడికి మట్టి మొయ్యడం నేర్పించు, ఎగరడం సంగతి తర్వాత చూద్దాం" అంది.

ఈ శనివారం వాడు వస్తున్నాడు. పార రెడీగా పెట్టాను. ఆరు చిన్న గుట్టలు, ఒక్కోటి అడుగు ఎత్తు. ఈ ఏడాదికి వాడికి అంతే.

ఇక నుంచి నేను పెట్టే ప్రతి వీడియోలో పడినవి కూడా ఉంటాయి. వీడియో పొడుగవుతుంది, కొంతమంది స్కిప్ చేస్తారు, పర్వాలేదు. మీరు కూడా మీ చుట్టూ చిన్నపిల్లలు చూస్తున్నారని గుర్తు పెట్టుకుని పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ ఆరు గుట్టలు కట్టడం మొదటి నుంచి చివరిదాకా చూపిస్తాను. అప్పటిదాకా హెల్మెట్ పెట్టుకోండి, బన్నీ హాప్ ప్రాక్టీస్ చెయ్యండి. ఉంటాను మరి.